వేలూరు వెళ్ళని పిల్ల

ఊళ్ళోనే ఉన్న పిల్లను బడి వాళ్ళు ఊళ్ళో లేదని రాసేశారు. నా మనవరాలి పేరు హాజరుపట్టీలో లేదు. పదో తరగతి పరీక్షకు పంపే పేర్లలోనూ లేదు. ఆ పేర్లు పైకి వెళ్ళడానికి ఇంక పదకొండు రోజులే గడువు.

ఈ సంగతి మాకు చెప్పింది ఏ ఉద్యోగీ కాదు, పక్కవీధి పిల్ల. నా మనవరాలి తరగతే. కార్తీకం వానలో గొడుగు మూయకుండా వాకిట్లోనే నిలబడి చెప్పింది.

"నీ పేరు పిలిచేది నిలిపేసి శానా దినాలైంది మే. నిన్న సారు పరీక్షకు పోయే పేర్లు చదివినాడు. దాంట్లో నువ్వు లేవు. నిజంగానే యాడికన్నా పోతా ఉండావా?"

నా మనవరాలు నా వైపు చూసింది. నేను చొక్కా వేసుకుని బడికి బయలుదేరాను. కోపంలో గొడుగు కూడా తీసుకోలేదు. కోపం కింద ఉన్నది వేరే. అది మూడు నెలలుగా మా ఇంట్లో కాపురముంటున్న భయం. దాని గురించి ముందు చెప్పాలి.

కొడుకూ కోడలూ శ్రీ సిటీలో చెరో ఫ్యాక్టరీలో పని చేస్తారు. అక్కడే గది తీసుకుని ఉంటారు. పిల్ల పాకాలలో మా దగ్గర ఉండి చదువుకుంటోంది. శ్రావణంలో ఒక పొద్దున వాళ్ళవ్వ జడ వేస్తోంది. పిల్ల తల పక్కకు లాగింది. "కుదురుగా కూసో మే" అని నా భార్య నెత్తిన ఒక మొట్టికాయ కూడా వేసింది. ఆ తర్వాతే తెలిసింది, తల లాగింది పిల్ల కాదని. కళ్ళు తెల్లగా తిరిగిపోయాయి, పళ్ళు బిగుసుకున్నాయి, చేతులు కొట్టుకుంటున్నాయి. నేను రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా ముప్పై ఏళ్ళకు పైగా పని చేశాను. పట్టాల మీద చూడకూడనివి చూశాను. వాటిలో ఏదీ నన్నింత భయపెట్టలేదు. మేకుకున్న తాళాలగుత్తి తెచ్చి పిల్ల గుప్పిట్లో పెట్టి నొక్కాను. ఇనుము చేతిలో ఉంటే తగ్గుతుందని మా నాయన చేసేవాడు, ఊరంతా చేస్తుంది, నేనూ చేశాను.

కాసేపటికి కళ్ళు తెరిచి, "తాతా, ఈ తాళాలెందుకు నా చేతిలో?" అని అడిగింది.

కోడలు సెలవు పెట్టి వచ్చి తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. పరీక్షలు చేశారు, మాత్రలిచ్చారు. వేళకు మింగితే మెల్లగా అదుపులోకి వస్తుందన్నారు. బడికి పంపమనే చెప్పారు. పంపనిది నేను.

అప్పటి నుంచి మా ఇంట్లో గిన్నె జారితే ఇద్దరం పరుగెత్తేవాళ్ళం. స్నానాలగది గడియ ఊడదీశాను. పిల్ల స్నానం చేస్తున్నంతసేపూ నా భార్య తలుపు బయట నిలబడి, "పలకతా ఉండు మే, పలకతా ఉండు" అనేది. లోపలి నుంచి "ఉండానవ్వా, ఉండా" అని వినిపించేది. ఆ 'ఉండా' ఒక్క క్షణం ఆలస్యమైతే మా ప్రాణాలు ఆగిపోయేవి.

మా గ్యాంగులో ఒకాయన ఉండేవాడు. మూర్ఛ వచ్చేది. మంచి పనివాడు. ఆయన అసలు పేరుతో పిలిచిన వాడిని నేను చూడలేదు. జబ్బు పేరే ఆయన పేరు. చనిపోయిన రోజు కూడా, "పోయింది ఎవురు?" అంటే ఆ జబ్బు పేరే చెప్పుకున్నారు. నేనూ అదే చెప్పాను. నలభై ఏళ్ళు దాటినా అది నాకు గుర్తుంది. ఇప్పుడు నా మనవరాలు బడి ప్రార్థన దగ్గర అందరి మధ్యా పడిపోతే? ఎవడో ఫోను ఎత్తి వీడియో తీస్తే? అది తలుచుకున్నప్పుడల్లా బడి గంట వినబడితేనే నాకు చెమటలు పట్టేవి.

ఇంటింటికీ తిరిగే టీచరమ్మ వచ్చింది అప్పుడే. ఆమె లెక్కలూ సైన్సూ చెప్పే టీచరు కాదు. వెనకబడిన పిల్లలు, కాలో చెయ్యో కన్నో సరిగా లేని పిల్లలు, ఉన్నట్టుండి మానేసిన పిల్లలు ఆమె వంతు. ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. చుట్టుపక్కల బడులన్నిటికీ కలిపి ఒక్కతే. పాత స్కూటీ, భుజాన గుడ్డసంచి.

"పాప పది దినాలుగా రాల్యా. ఒళ్ళు బాగలేదా సార్?" అంది.

"వేలూరులో నా కూతురింటికి పంపినాము. ఆడే చదువుకుంటాది" అన్నాను. నాకు వేలూరులో కూతురుంది, ఆ మాట నిజం. మిగతాది అప్పటికప్పుడు నోటికొచ్చింది.

వారం తర్వాత మళ్ళీ వచ్చింది. ఏ బడిలో చేర్చారని అడిగింది. ఇంకా చేర్చలేదన్నాను.

"అట్లయితే ఒక కాగితం ఇయ్యండి సార్, ఊరు మారినారని. రాసేది రాకపోతే నేను రాస్తా. మీరు వేలిముద్ర ఎయ్యండి."

వేలిముద్ర. ఆమె చెడు ఉద్దేశంతో అనలేదని ఈ రోజు తెలుసు. ఆ రోజు మాత్రం నా ఒళ్ళు మండింది. నేను బడిలో చదివింది మూడో తరగతి సగం. చెరుకు నరికే రోజుల్లో మా నాయన తోటకు తీసుకుపోయాడు. తిరిగి వెళ్ళేసరికి నా పేరు కొట్టేసి ఉంది. ఆ పిల్లవాడు ఏమయ్యాడని మా గుడిసెకు వచ్చి అడిగిన మనిషి లేడు. స్టేషను బోర్డుల మీద, పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఇప్పుడు మా వీధిలో ఎవరికి అర్జీ కావాలన్నా నా దగ్గరికే వస్తారు. అటువంటి వాడికి వేలిముద్రా?

"ఉండమ్మా" అని లోపలికి వెళ్ళి, తెల్లకాగితం అంచు మడతపెట్టి గీత తీసుకుని, పేజీ నిండా రాశాను. మా కుటుంబ పరిస్థితుల రీత్యా నా మనవరాలిని శాశ్వతంగా వేలూరుకు పంపితిమని, ఇకమీదట ఈ పాఠశాలకు రాదని. కింద తేదీ, సంతకం. ఆమె చదివి, కాసేపు నా ముఖం చూసింది.

"ఆడ చేర్చుకునే దాకా పాప పేరు ఈడా ఉండదు, ఆడా ఉండదు సార్. గమనం పెట్టుకోండి" అంది. నేను తల ఊపాను. ఆ మాట నా చెవికెక్కలేదు. సంతకం బాగా కుదిరిందని చూసుకుంటున్నాను.

ఆమె వెళ్ళాక మధ్యగదిలోంచి పిల్ల అడిగింది. "తాతా, వేలూరు ఎట్లుంటాది?"

మూడోసారి వచ్చినప్పుడు నేను తలుపే తీయలేదు.

ఇదంతా నాకు తెలుసు. అయినా వానలో బడికి వెళ్ళిన రోజు ఆ కాగితం సంగతి నా తలలో లేదు. ఎవరిని అడిగి పేరు తీశారు, ఇదేం న్యాయం అని కేకలేశాను. ప్రధానోపాధ్యాయుడు తన చేతిలో లేదన్నాడు. కంప్యూటరులో ఉందట, చిత్తూరు ఆఫీసుకు వెళ్ళి అడగమన్నాడు. ఇంటికొచ్చి నాలుగు పేజీల అర్జీ రాశాను. రెండో రోజు బస్సెక్కి చిత్తూరు వెళ్ళాను.

గుమాస్తా నెమ్మదస్తుడు. నేను అరుస్తున్నంతసేపూ కంప్యూటరులో వెతికాడు. తర్వాత తెరను నా వైపు తిప్పాడు.

"ఈ రాత ఎవురిది పెద్దాయనా?"

నాది. నా పేజీ, నా గీత, నా సంతకం, ఆ గాజుతెర మీద.

"ముత్యాల మాదిరి రాసినారే. మా ఆఫీసులో ఒకరికీ ఈ రాత లేదు" అన్నాడు. పక్క బల్ల ఆయన నవ్వాడు. నా సంచిలో నాలుగు పేజీలున్నాయి, అదే రాతతో. బయటికి తీయలేకపోయాను.

"పాప యాడ ఉండాది ఇప్పుడు?"

"ఇంట్లో."

"మరి ఎందుకు రాసినారు ఇట్ల?"

ఆయన గొంతు తగ్గించాడు. "బడి నుంచి రాసి పంపల్ల, పిల్ల ఊర్లోనే ఉండాదని. ఇన్ని దినాలు ఎందుకు రాలేదో కారణం ఉండల్ల. ఊరికే అంటే పైనోళ్ళు ఒప్పుకోరు. గడువు దాటిందంటే మళ్ళీ వచ్చే ఏడే. ఆలస్యం చెయ్యొద్దు, బిన్నా పోండి."

తిరుగు బస్సులో కిటికీ మూత పడక వాన లోపలికి కొడుతోంది. నేను పక్కకు జరగలేదు. కారణం ఉండాలి. అంటే ఆ జబ్బు పేరు కాగితం మీద పడాలి. ఆఫీసుల్లో, కంప్యూటర్లలో, ఎవరు పడితే వాళ్ళు తెర తిప్పి చూసే చోట. రాయకపోతే పిల్లకు పరీక్ష లేదు. ఏడాది ఇంట్లో కూర్చున్న పిల్ల మళ్ళీ బడికి వెళ్తుందా? ఆ గుడిసె నుంచి నేను మళ్ళీ వెళ్ళలేదు కదా. నా పేరు కొట్టేసినవాడు ఎవరో అయ్యవారు. ఈ పిల్ల పేరు కొట్టేసింది నేను.

మర్నాడు టీచరమ్మను వెతుక్కుంటూ బడికి వెళ్ళాను. వరండా చివర చిన్న గదిలో ఉంది. మాట సరిగా రాని ఒక పాపకు గౌను గుండీ పెట్టుకోవడం నేర్పుతోంది. నన్ను చూసి, చేతిలో పని ఆపకుండానే అంది.

"రండి సార్. వేలూరు నుంచి ఎప్పుడొచ్చినారు?"

చెంపదెబ్బలా తగిలింది. "తెలుసునా నీకు?"

"లోపల పాప దగ్గేది ఇనపడింది."

"తెలిసీ ఎందుకు పంపినావమ్మా ఆ కాగితం?"

"సంతకం పెట్టింది మీరు. అబద్ధమని నేనెట్ల రాసేది?" ఆమె గొంతు కొంచెం లేచింది. "అందుకే మళ్ళీ వచ్చినా. తలుపు కొట్టి కొట్టి పోయినా. పెండ్లి గిండ్లి చేసేస్తా ఉండారేమో అని నేను పడిన భయం మీకేం తెలుసు? ఆ వారం నాకు అన్నం దిగల్యా."

అప్పుడు చెప్పాను. శ్రావణం పొద్దుటి నుంచి అన్నీ చెప్పాను. అయ్యో అంటుందనుకున్నాను. అనలేదు.

"ఎన్నిసార్లు వచ్చింది? మాత్రల చీటీ ఉండాదా? వచ్చినప్పుడు మీరేం చేసినారు?"

"తాళాలు పెట్టినా."

"ఇంక పెట్టొద్దు. నోట్లో గూడా ఏమీ పెట్టొద్దు. తగిలే వస్తువులు పక్కకు తీసి, పక్కవాటుగా పండబెట్టండి. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్సు. అంతే."

సాయంత్రం మా ఇంటికి వచ్చింది. నా భార్య ఇచ్చిన కాఫీ పక్కన పెట్టి, మమ్మల్ని వదిలేసి పిల్లతో మాట్లాడింది. నీకు దేనికి భయమని అడిగింది. అంతవరకు మా ఇంట్లో ఆ ప్రశ్న పిల్లను అడిగినవాళ్ళు లేరు.

"పడేది కాదు మేడం" అంది నా మనవరాలు. "లేసినాక అందరి మొగాలూ చూసేది."

"మరి బడికి రావల్లనా, వద్దా?"

"రావల్ల."

ఆమె నా వైపు తిరిగింది. "రాయండి సార్. మీరే రాయండి."

ఈసారి పేజీ నిండలేదు. పిల్ల ఊళ్ళోనే ఉందని, మూర్ఛ జబ్బు వల్ల, నా భయం వల్ల బడికి పంపలేదని, ముందు ఇచ్చిన కాగితంలో నేను అబద్ధం రాశానని రాశాను. 'మూర్ఛ' అన్న చోట కలం ఆగింది. నా భార్య వెనక నుంచి, "రాయి, దాచి ఏం బాగుపడినాం" అంది. ఆమె మొదటి నుంచీ చెప్పమనే అంటోంది. నేనే నోరు మూయించాను. ఆసుపత్రి చీటీ నకలు జతచేసి, టీచరమ్మ దాన్ని తడవకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి, తన గుడ్డసంచిలో పెట్టుకుని వెళ్ళింది. ఎనిమిది రోజులుంది గడువు.

ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పడం నాకు చేతకాదు. పేరు ఎక్కదేమోనని ఒక భయం. ఎక్కితే పంపాలి గదా అని ఇంకో భయం. నాలుగో రోజు మధ్యాహ్నం పిల్ల చదువుకుంటూ చదువుకుంటూ పుస్తకం మీదికి ఒరిగింది. నా చెయ్యి మేకు మీది తాళాల దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. పక్కకు తిప్పి పట్టుకున్నాను. నా భార్య గడియారం ముందు నిలబడి, ఏడుస్తూనే, "ఒగ నిమిషం... ఒగటిన్నర... రెండు" అని లెక్క చెప్పింది. రెండు దాటగానే తగ్గింది. పిల్ల కళ్ళు తెరిచి మా ముఖాలు చూసింది. ఏడవకూడదని ఇద్దరం ఎంత ప్రయత్నించామో మాకే తెలుసు. టీచరమ్మకు ఫోను చేసి, మళ్ళీ వచ్చిందని, ఇంక పంపలేనేమోనని చెప్పాను. డాక్టరుకు చూపించమంది. కోడలు వచ్చి తిరుపతికి తీసుకెళ్ళింది. మాత్ర మోతాదు పెంచారు. పంపే మాట మీద టీచరమ్మ అప్పుడు ఏమీ అనలేదు.

గడువుకు రెండు రోజుల ముందు పక్కవీధి పిల్ల బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. మడత విప్పడానికి నాకు చేతులు రాలేదు. మనవరాలే విప్పి, బయటికే చదివింది:

"సార్, పాప పేరు మళ్ళీ మన బడిలో ఎక్కింది. పరీక్షకు పోయే పేర్లలోనూ చేరింది, నేను కండ్లారా చూసినా. సోమవారం పంపండి. పాప ఒప్పుకుంటే, పక్కన కూర్చునే ఇద్దరు ఆడపిల్లలకు ఎట్ల పట్టుకోవాలో నేర్పిస్తా. ఎవురూ ఫోను ఎత్తకుండా నేను చూసుకుంటా. వారంలో మూడు దినాలే నేను ఈ బడిలో ఉండేది, మిగతా దినాలకు లెక్కల మేడంకు చెప్పి పెట్టినా. బడిలో రాదని నేను మాట ఇయ్యలేను. మీకు భయమని తెలుసు. నాకూ భయంగానే ఉండాది. అయినా పంపండి."