ఓడలు ఆగిన దీపావళి

గోదావరిఖని చౌరస్తాలో పాత రేడియోలు బాగుచేసే దుకాణం ఒకటి ఇంకా మిగిలి ఉంది. మొన్న మందులు కొనుక్కుని వస్తూ, ఎండకు తాళలేక దాని నీడన కాసేపు నిలబడ్డాను. లోపల దుకాణదారు పెద్ద చెక్క రేడియో ఒకదాన్ని బల్లమీద పెట్టి మీట తిప్పాడు. అది వెంటనే పలకలేదు. ముందు సన్నటి హోరు, ఆ వెనకే లోపలి దుమ్ము వేడెక్కిన వాసన. ఆ వాసన నాకు తెలిసినదే. ఎనభైకి దగ్గరపడిన మనిషిని, అయినా ఒక్క క్షణం నేను బెల్లంపల్లిలో, కార్మికుల పఠన మందిరంలో, దీనమ్మ టీచర్ పక్కన నిలబడి వార్తల కోసం ఊపిరి బిగబట్టుకుని ఉన్నాననే అనిపించింది.

దీనమ్మ టీచర్‌ను మీరు చూసి ఉండరు. బొగ్గుబాయి క్వార్టర్ల చివర ఉన్న రేకుల బడికి ఆమె పెద్ద టీచర్. మా వైపు గనిని బాయి అంటాం. మా నాన్న మల్లయ్య ఆ బాయిలోనే బొగ్గు కొట్టేవాడు. నేను మెట్రిక్ పాసై ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఒక సాయంత్రం ఆమె మా గడప ముందుకు వచ్చి నిలబడింది. తెల్ల చీర, పొట్టి మనిషి, గొంతు మాత్రం గట్టిది.

“మల్లన్నా, సరోజను నా బడికి తోలు. చిన్నపిల్లలకు అక్షరాలు చెప్తది.”

“ఆడిపిల్లకు నౌకరి ఏంది టీచరమ్మా? నలుగురు ఏమంటరు?”

“ఆ నలుగురి పిల్లలకే గదా చెప్పేది. ఏమంటరు?”

మరునాడు నాన్నే నన్ను బడి దాకా దిగబెట్టాడు. ఆమె ఏదైనా పట్టుబడితే సాధించేదాకా వదిలేది కాదు. బడికి మంచినీళ్ల నల్లా వేయించడం కోసం ఒకసారి ఖాళీ బిందె ముందు పెట్టుకుని బాయి ఆఫీసు ఎదుట ఎండలో కూర్చుంది. గుమాస్తా వచ్చి బతిమాలాడు, తరువాత మేనేజరు దొర పంపిన మనిషి వచ్చి బతిమాలాడు. పైపులు వేసేవాళ్లు పారలతో వచ్చి కనబడితే గాని లేవలేదు. ఆమె ఒక మాట అన్నాక వెనక్కి తీసుకోవడం బెల్లంపల్లిలో ఎవరూ చూడలేదు. నేను ఆమెను ఆరాధించింది ఆ పంతం చూసే. చీర కట్టు, నడక, చాక్‌పీసు పట్టుకునే తీరు, అన్నిట్లోనూ ఆమెలాగే ఉండాలని తాపత్రయపడేదాన్ని.

ఆ పంతమే ఆమె కాపురాన్ని రెండుగా చీల్చిందని నాకు మెల్లగా తెలిసింది. భర్త దావీదు బాయి మీద బాయిలరు దగ్గర పనిచేసేవాడు. బొగ్గులో, పొగలో బతికింది చాలు, సముద్రం చూడాలని అతని కోరిక. సరకుల ఓడల్లో ఇంజను గదికి మనుషులు కావాలని విని బొంబాయికి బయల్దేరాడు. ఆమె వద్దంది. మాటా మాటా పెరిగి, “పోతే పో. మల్ల నా గడప తొక్కకు” అంది. “నువ్వు పిలిస్తెనే తొక్కుత” అని అతను రైలెక్కాడు. అంతే. ఆమె పిలవలేదు, అతను రాలేదు. దావీదు తల్లి సారమ్మ అవ్వ మాత్రం కోడలి దగ్గరే ఉండిపోయింది. అతను ఏ రేవులో దిగినా తల్లి పేర కార్డు రాసేవాడు. అవ్వకు చదువు రాదు. కోడలే చదివి వినిపించాలి. ఆ కార్డుల్లో ఎక్కడా భార్య పేరు ఉండేది కాదు. కాని చదివేది ఎవరో రాసేవాడికి తెలుసు. ఆమె ఒక్కో అక్షరం ఆగి ఆగి చదువుతుంటే, వినేది అవ్వ ఒక్కతే కాదని నాకు అనిపించేది.

అరవై రెండులో, దసరా రోజుల్లో వచ్చిన కార్డులో, చక్కెర నింపుకోవడానికి క్యూబా అనే దేశానికి పోతున్నామని ఉంది. “చక్కెర దేశమా! మంచిగున్నది” అని అవ్వ నవ్వింది. తరువాత కొద్ది రోజులకే చైనావాళ్లు మన సరిహద్దు మీద పడ్డారు. ఊరంతా ఆ వార్తల కోసం పఠన మందిరం ముందు గుమిగూడేది. ఒక సాయంత్రం ఆ వార్తల చివర, రెండే రెండు వాక్యాల్లో, క్యూబా పేరు వినిపించింది.

మరునాడు బడి విడిచాక టీచర్ గోడమీది ప్రపంచ పటం దగ్గరికి నన్ను పిలిచింది. గొంగళిపురుగంత ఉన్న దేశం మీద వేలు పెట్టింది.

“ఇదే క్యూబా. రష్యావాళ్లు ఇక్కడ అణుబాంబులేసే రాకెట్లు పెట్టిండ్రట. ఇగో, అమెరికా పక్కనే. వాళ్లు చుట్టూ యుద్ధనౌకలు అడ్డం పెట్టి, వచ్చిన ఓడనల్ల ఆపుతున్నరు.”

“ఆగకుంటె?”

“కాలుస్తరు. వాళ్లు కాలిస్తె వీళ్లు ఊకుంటరా? జపానుల పడ్డ బాంబులసొంటివి ఇప్పుడు ఇద్దరి దగ్గర ఉన్నయి సరోజా. మొదలైతె క్యూబాతోని ఆగదు.”

కిటికీలోంచి చూస్తే షిఫ్టు దిగిన వాళ్లు నల్లటి ముఖాలతో ఇళ్లకు పోతున్నారు. ఎక్కడో సముద్రం మధ్య ఇద్దరు పంతం పట్టి నిలబడితే వీళ్లు కూడా మిగలరా అనుకున్నాను. ఆమె మాత్రం పటం మీద వేలు తీయలేదు. ఆ నీలిరంగులో ఎక్కడో ఒకచోట ఆమె మనిషి ఉన్నాడు.

ఆ రోజు మొదలు ప్రతి సాయంత్రం నేనూ ఆమె పఠన మందిరానికి వెళ్లాం. ఆడవాళ్లు ఎవరూ లోపలికి రాని చోటు అది. మగవాళ్లు జరిగి దారి ఇచ్చేవారు. చైనా వార్తలు అయిపోగానే అందరూ ఒక్కసారిగా మాట్లాడుకునేవారు. అప్పుడే క్యూబా మాట వచ్చేది. “జర ఆగుండ్రి, జర విననియ్యుండ్రి” అని ఆమె చేయెత్తి బతిమాలేది. బతిమాలడం ఆమె నోట నేను మొదటిసారి విన్నాను. ఒకాయన విసుక్కున్నాడు. “చీనోడు మన నెత్తిమీదికి వచ్చిండు. సముద్రం అవతలి లొల్లి మనకెందుకు టీచరమ్మా?” ఆమె రేడియో వైపు ఇంకో అడుగు జరిగింది. ఇంట్లో అవ్వ అడిగేది. “మా దావీదు ఏడున్నడు బిడ్డా?” “చక్కెర దేశంల, అత్తమ్మా” అని చెప్పి ఆమె పొయ్యి వైపు తిరిగేది.

దీపావళికి ముందు ఒక మధ్యాహ్నం, పిల్లలు అన్నాలకు పోగానే, “నడువు, తంతి ఇచ్చొద్దాం” అంది. ఓడ కంపెనీ బొంబాయి ఆఫీసు పేర, దావీదుకు ఇవ్వమని టెలిగ్రాం రాయించింది.

“విషయం ఏం రాయాలె?” అని పోస్టుమాస్టరు అడిగాడు.

“ఇంటికి రమ్మని.”

“గంతేనా?” ఆయన కళ్లద్దాలు పైకి జరిపాడు. “ఓడ ఏడున్నదో వాళ్లకే ఎరుకలేకపోవచ్చు టీచరమ్మా. ఇది అందుతదని చెప్పలేను.”

“అందకుంటె అందకపాయె. నేనైతె పిలిచిన.”

తిరిగి వస్తుంటే దారిలో ఆమె నా చేయి పట్టుకుంది. అరచేయి చల్లగా ఉంది. “అంత పెద్ద దేశాలు రెండు, నువ్వు తగ్గంటె నువ్వు తగ్గని ఎదురుబొదురు నిలబడ్డయి. నేను ఇన్నేండ్ల సంది చేసింది గదే గదా” అంది.

ఆ దీపావళికి ఊళ్లో టపాకాయలు పెద్దగా కాల్చలేదు. పండుగ వెళ్లిన మరునాటి సాయంత్రం రేడియో ఎప్పటి గొంతుతోనే చెప్పింది. రాకెట్లు విప్పి వెనక్కి తీసుకుపోవడానికి రష్యా ఒప్పుకుంది. క్యూబా మీద దాడి చేయబోమని అమెరికా మాట ఇచ్చింది. యుద్ధం రాలేదు. టీచర్ గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనకనుంచి ఎవరో నవ్వారు. “రష్యావోడు తోక ముడిచిండు!”

ఆమె వెనుదిరిగింది. “తగ్గినోడు ఓడినట్టు కాదన్నా. నువ్వు రేపు డ్యూటీకి పోతవు, నీ బిడ్డ రేపు నా బడికొస్తది. వాళ్లు తగ్గబట్టే గదా.” ఆమె ఏడుస్తోందని అప్పుడు అందరూ చూశారు.

మళ్లీ కార్డు రావడానికి చాలా వారాలు పట్టింది. ఆ వారాల్లో ఆమె ఎదురుచూపు చూడలేక నేను కళ్లు తిప్పుకునేదాన్ని. చివరకు వస్తున్నానని కార్డు వచ్చింది. ఎండలు ముదిరే వేళ, మేం స్టేషనులో నిలబడి చూస్తుంటే, కాజీపేట వైపు నుంచి వచ్చిన పాసింజరులో దావీదు దిగాడు. చిక్కిపోయాడు. టీచర్‌ను చూసి కూడా ముందుకు రాకుండా పెట్టె పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఆమే నడుచుకుంటూ వెళ్లింది.

“ఏంది, గీడనే నిలబడ్డవు? అత్తమ్మ బువ్వ వండి చూస్తున్నది.”

అతను పెట్టె కిందపెట్టి తల వంచుకున్నాడు. ఆ తరువాత భోజనాల దగ్గర చెప్పాడు. నడిసముద్రంలో వాళ్ల ఓడను ఆపారట. పైన విమానాలు తిరుగుతుంటే ఇంజను ఆర్పి కింద చీకట్లో కూర్చున్నారట. “బతికి బయటపడితె, పిలువకున్నా ఇంటికి పోవాలె అనుకున్న. రేవుకొచ్చినంక చూస్తె నీ తంతి ఉన్నది” అన్నాడు. సారమ్మ అవ్వ కొడుకు కంచంలో మళ్లీ అన్నం వడ్డించింది. టీచర్ మజ్జిగ కోసమని లేచి లోపలికి వెళ్లి, చాలాసేపటి దాకా రాలేదు.

గోదావరిఖనిలో కొత్త బాయిలు తెరుస్తున్న కాలమది. దావీదుకు అక్కడ పని దొరికి వాళ్లు వెళ్లిపోయారు. బడి నా చేతికి వచ్చింది. ఆమె లేని ఆ రేకుల గదిలో మొదటి రోజు నేను హాజరు పిలవలేకపోయాను. నా పెళ్లి, పిల్లలు, పని. ఆమెను చూడటానికి ఏడాదికి ఒకసారి వెళ్లడమే కష్టమైంది. చివరిసారి చూసింది ఇక్కడి దవాఖానాలో. దావీదు మంచం పక్కన కూర్చుని ఆమె కాళ్లు ఒత్తుతున్నాడు. అతను మందుల కోసం బయటికి వెళ్లినప్పుడు ఎన్నాళ్లుగానో నాలో ఉన్న ప్రశ్న అడిగాను.

“టీచర్, ఆనాడు మీరు పిలిచినంక కూడా ఆయన రాకపోయి ఉంటె?”

ఆమె నావైపు చూసింది, చిన్నపిల్ల అడగకూడనిది అడిగినట్టు.

“ఇంకోసారి పిలుద్దును.”

నేను కొడుకు దగ్గర ఉండటానికి ఈ ఊరికి వచ్చేసరికి ఆమె లేదు. వాళ్లున్న క్వార్టరులో వేరే ఎవరో ఉన్నారు. నా కాపురంలోనూ మౌనాలు వచ్చాయి, చెల్లెలితో తగవులు వచ్చాయి, కోడలితో ఇప్పటికీ మాట పట్టింపులు వస్తుంటాయి. పంతం పట్టడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను కనుక నాకు అది సులువు. తగ్గడమే కష్టం. అయినా ఏదో ఒక పూట లేచి వెళ్లి నేనే పలకరిస్తాను. రానివాళ్లను మళ్లీ పలకరిస్తాను. పలకరించి వచ్చాక మాత్రం ఆమె ఇంటికి పోవాలనిపిస్తుంది. ఆమె ముందు కూర్చుని, “టీచర్, ఇయ్యాల నేనే ముందు పిలిచిన” అని చెప్పుకోవాలనిపిస్తుంది.