కాక చెప్పిన అర్థం

మొన్న మనవరాలు బడి పని ముందేసుకుని కూర్చుని, "డెలివర్ అనే మాటతో ఒక వాక్యం చెప్పు నానమ్మా" అంది. పోస్టుమ్యాన్ ఉత్తరాలు డెలివర్ చేస్తాడని రాసుకొమ్మన్నాను. దానికి ఇంకో అర్థం ఉంది, కాన్పు కావడమని. చెప్పబోయి ఊరుకున్నాను. ఆ రెండో అర్థం నేను నేర్చుకున్న రోజును ఇప్పటికీ మరిచిపోలేదు.

మాది మాదాపూర్. ఇప్పటి మాదాపూర్ కాదు, బండలూ సీతాఫలం పొదలూ తప్ప మరేమీ లేని పల్లె. పోలీసు చర్య అయిన మరుసటి వానాకాలం అమ్మకు నెలలు నిండాయి. నా తర్వాత పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. రెండోసారి అమ్మ కూడా పోయినంత పనయింది. అందుకని ఈసారి ఇంట్లో ఎవరూ కాన్పు మాట ఎత్తేవారు కాదు. ఎత్తకపోతే భయం పోతుందా? నాయన పళ్లెం ముందు కూర్చుని అన్నం కలుపుతూనే ఉండేవాడు. అమ్మ నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందో లేదో అని నేను ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేదాన్ని. నాయనమ్మ మాత్రం ఎప్పటిలాగే సాధిస్తూనే ఉండేది. "ఈసారన్న మొగపిల్లగాన్ని కను" అని అమ్మ బిందె దించినా అనేది, పొయ్యి ముట్టించినా అనేది. అమ్మ ఆమెకు ఎదురు చెప్పడం నేనెన్నడూ వినలేదు.

నొప్పులు మొదలయ్యాక మంత్రసాని చాలాసేపు చూసి, చేతులు కడుక్కుని బయటికొచ్చింది. "నాతోని కాదు. జల్ది పట్నం దవాఖానకు తీస్కపోండ్రి" అంది. నాయన బండి కట్టాడు. అమ్మ తల నాయనమ్మ ఒళ్లో, కాళ్లు నా ఒళ్లో. చక్రం బండ ఎక్కి దిగినప్పుడల్లా అమ్మ మూలిగేది. మూలుగు వినబడకపోతే నాకు ఇంకా భయమేసేది. "జర మెల్లగ తోలురా" అని నాయనమ్మ, మరుక్షణమే "ఎంతసేపురా, ఉరికించు" అని ఆమే. నాయన వెనక్కి తిరిగి చూడనే లేదు.

కాక, అంటే నాయన తమ్ముడు, బండి వెంట నడిచాడు. ఇంట్లో చదువుకున్నవాడు ఆయనొక్కడే. నిజాం రాజ్యంలో బడి చదువంతా ఉర్దూలోనే కదా, ఇంగ్లీషు మాటల అర్థాలు కూడా ఆయన ఉర్దూలోనే బట్టీ పట్టాడు. మేము వెళ్తున్నది ఇంగ్లీషు దొరసానులు నడిపే దవాఖాన. అక్కడ మాకు నోరు ఆయనే. దారంతా పెదవులు కదుపుతూ ఏవో మాటలు నెమరేసుకుంటూ వచ్చాడు. పాపం, ఆయన పరేషాన్ ఆయనది.

అమ్మను లోపలికి తీసుకుపోయి తలుపు వేసేశారు. మేము వరండాలో కూర్చున్నాం. ఏ పసిబిడ్డ ఏడ్చినా నాయన లేచి నిలబడేవాడు. అది మా బిడ్డ కాదని తెలిసి మళ్లీ కూర్చునేవాడు. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నొప్పి పుట్టినా నేను విడిపించుకోలేదు.

మధ్యాహ్నం దాటాక ఒక నర్సమ్మ తలుపు తీసుకుని వచ్చింది. కొత్తగా వచ్చిన మలయాళం మనిషి, ఆమెకు తెలుగూ రాదు, ఉర్దూ రాదు. బాగా అలసిపోయి ఉంది, మొహంలో నవ్వు లేదు. కాకను చూసి, "షి హాజ్ డెలివర్డ్" అని చెప్పి, లోపల ఎవరో పిలిస్తే గబగబా వెళ్లిపోయింది.

"ఏమన్నదిరా?" అన్నాడు నాయన.

కాక తడుముకున్నాడు. "డెలివర్ అంటే... సుపుర్ద్ చేసుడు. వదిన సుపుర్ద్ చేసిందట."

"ఏం సుపుర్ద్ చేసింది?"

డెలివర్‌కు కాకకు తెలిసిన అర్థం అదొక్కటే. సుపుర్ద్ అంటే అప్పగించడం, అది సర్కారు కచేరీల్లో వాడే మాట. కానీ ఆ ఎండాకాలంలోనే మా పక్కింటి సాయిబుల ముసలాయన పోతే నాయన ఖబ్రస్తాన్ దాకా వెళ్లొచ్చాడు. పాతిపెట్టాక వాళ్లు 'సుపుర్దె ఖాక్' చేశామన్నారట, మట్టికి అప్పగించామని. నాయనకు ఆ మాట అక్కడే పరిచయం. ఒక్కసారిగా గోడకు జారగిలబడి కూలబడ్డాడు. కాక కూడా ఆయన మొహం చూసి ఏడుపు అందుకున్నాడు. తాను చెప్పిన అర్థానికి తానే భయపడ్డాడు.

నాయనమ్మ గుండెలు బాదుకుంది. "నా బిడ్డా, నన్నిడిసి పోయినవా, నీ బదులు దేవుడు నన్నన్న కొంచవోకపాయె" అని వరండా అంతా మారుమోగేలా ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు.

ఇంతలో నర్సమ్మ గుడ్డలో చుట్టిన బిడ్డతో వచ్చింది. మమ్మల్ని చూడగానే ఆమెకు కోపం ముంచుకొచ్చింది. ఇంగ్లీషులో చెడామడా తిట్టి, "గర్ల్, గర్ల్" అంటూ బిడ్డను నాయనమ్మ ఒళ్లో పెట్టింది. ఆడపిల్ల పుట్టిందని ఎవరో చెబితే ఏడుస్తున్నామనుకుందట. కాక కళ్లు తుడుచుకుని, "మదర్?" అని అడిగాడు. ఆమె నా రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయి, మంచం ముందు నిలబెట్టింది.

అమ్మ బతికే ఉంది. మొహం పాలిపోయింది. కళ్లు తెరిచి గోడకేసి చూస్తోంది.

"మీ నాయనమ్మ ఏడుపు ఇన్న. మల్ల ఆడపిల్లే అనేగదా?" అంది నావైపు తిరగకుండానే.

"కాదమ్మా. నువ్వు సచ్చిపోయినవనుకున్నరు."

అమ్మ మెల్లగా తల తిప్పింది. "నా కోసం ఏడ్చిన్రా?"

"అవు. నాయన సుత ఏడ్చిండు."

"మీ నాయనమ్మ?"

"నా బిడ్డా అని గుండెలు కొట్టుకున్నది. నీ బదులు దేవుడు తననన్న కొంచవోకపాయె అన్నది."

అమ్మ పెదవులు వణికాయి. ఆమెకు మళ్లీ ఏదో అవుతోందని హడలిపోయి నేను నర్సమ్మను పిలవబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మల్లొకసారి చెప్పు బిడ్డా," అంది.