ఆకలి అనే మాట నేర్పిన అత్త

మా ఎదురింటి అత్త పోయిందని మొన్న పొద్దున్నే ముదిగుబ్బ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అత్త పోయినాదక్కా. మాపటికి మట్టి చేస్తారంట. వస్తావా?" అన్నాడు. అదేం ప్రశ్న! రాకుండా ఎట్లా ఉంటాను? అనంతపురంలో దొరికిన బస్సెక్కాను. దారి పొడుగునా ఆమె గొంతే వినిపించింది.

ఆమె మాకు చుట్టం కాదు, పిలుపుకు అత్త, అంతే. కువైట్‌లో ఇళ్ళలో పనిచేసి తిరిగొచ్చిన మనిషి. తొంభైల చివర, వానలు ముఖం చాటేసిన ఆ ఏళ్ళలో, మా వీధి ఆడవాళ్ళు ఒక్కొక్కరే కువైట్ దారి పట్టారు. వీసా రాగానే అరబ్బీ మాటల కోసం ఆమె అరుగు మీదికి చేరేవాళ్ళం. మాట తెలియకపోతే నన్ను తిప్పి పంపేస్తారేమోనని నా భయం. పంట పోయిన ఇల్లు మాది. ఉత్త చేతులతో తిరిగొస్తే బతుకు లేదు.

పలకా లేదు, బలపమూ లేదు. విత్తనానికి శనక్కాయలు వొలిచే రోజులవి. కాయల మీద నీళ్ళు చల్లి, మెత్తబడ్డాక మా ముందు కుప్ప పోసేది. ఇక తనే కువైట్ మేడం. "జీబ్" అంటే చేట తెచ్చివ్వాలి. "రూహ్" అంటే లేచి పోవాలి. తెలుగులో ఏదడిగినా చెవుడు నటించేది. చిన్న గ్లాసులో పాలు లేని టీ తాగుతూ కళ్ళు ఉరిమే ఆ దర్జా చూసి తీరాలి! "మాట నోట్లో గాదే, చేతుల్లో ఉండాల" అనేది. నిజమే, వేళ్ళు నొప్పి పుట్టేకొద్దీ మాటలు వంటబట్టాయి.

ఒక్క మాట తప్ప. మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి పచ్చడి తెచ్చి మూత పెట్టి కూర్చునేది. "అన జూఆన్", అంటే నాకు ఆకలవుతోంది అని చెబితేనే మూత తీసేది. పొద్దున నేర్చుకున్న ఆ మాట అప్పటికి నా నోటికి వచ్చేది కాదు. పక్కవాళ్ళు అంటే వాళ్ళ చాటున తినేసేదాన్ని. ఒకరోజు విసుగొచ్చి, "ఇదొక్కటీ తలకెక్కదత్తా, ఇడిసిపెట్టు" అన్నాను.

"తలకెట్లా ఎక్కుతాది? తెలుగులో అయినా ఎప్పుడన్నా అంటివా?" అంది.

ఆలోచిస్తే, అనలేదు. కడుపు కాలుతున్నా సరే, ఎవరైనా తిన్నావా అంటే "ఇప్పుడే తింటి" అనడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన మర్యాద. కోడళ్ళకు మరీనూ.

"పని చెప్పి అరిచే మాటలు ఆడ మేడమే నేర్పిస్తాదిలే. ఈ మాట ఎవురూ నేర్పియ్యరు. ఇది నోట్లోకి రాకనే నేను ఆడ ఏడ్సింది" అంది అత్త. వీధికంతా వినపడేలా నా చేత అనిపించేదాకా ఆ రోజు మూత తీయలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

కువైట్‌లో ఆ మాటే నన్ను బతికించింది. పని సందడిలో నా తిండి సంగతి ఆ ఇంట్లో ఎవరికీ గుర్తుండేది కాదు. చెడ్డవాళ్ళని కాదు, అడిగితే తప్ప తట్టేది కాదు. వంటింటి గుమ్మంలో నిలబడి ఆ మాట అన్న రోజు మేడం నాలుక కరుచుకుని పళ్ళెం తీసింది. అక్కడున్నన్నాళ్ళూ అత్తను తలుచుకోకుండా ముద్ద మింగలేదు.

మొన్న అందరం మట్టి చేసి వచ్చేసరికి పొద్దు గుంకింది. పక్కింటివాళ్ళు అన్నం, పప్పు పంపారు. అత్త కోడలు ఏడ్చి వాచిన కళ్ళతో నా దగ్గరికి వచ్చి, "ఏమన్నా తింటివా వదినా?" అని అడిగింది. తిన్నానని నోటిదాకా వచ్చింది.

"లేదమ్మా. ఆకలైతాంది" అన్నాను.

ఆ పిల్ల నన్ను అట్లాగే చూసింది. నాకు వడ్డించింది. తర్వాత ఇంకో పళ్ళెం తెచ్చుకుని అరుగు మీద నా పక్కనే కూర్చుంది.

"నాకూ ఆకలైతాంది వదినా" అంది.