డిసెంబరు తుఫానులు ఇటు రావన్నాను

నేను తెనాలిలో హైస్కూలు పిల్లలకు సోషల్ చెబుతాను. మా తమ్ముడు అమృతలూరు దగ్గర వరి వేస్తాడు. ఒక ఏడాది నవంబరు ఆఖర్లో ఫోన్ చేసి, "అక్కా, చేను పండింది. కోసెయ్యమంటావా, ఆగమంటావా?" అని అడిగాడు.

శీతోష్ణస్థితి పాఠం నాకు నోటికి వచ్చు. చలికాలం దగ్గరపడి ఎండ ఏటవాలుగా పడేకొద్దీ సముద్రం చల్లబడుతుంది. తుఫానుకు బలం వెచ్చని నీళ్లే. అందుకే డిసెంబరులో తుఫానులు ఎక్కువగా మనకు దక్షిణాన, తమిళనాడు వైపు తీరం దాటుతాయి. అదే చెప్పి, "కోసెయ్‌రా, భయం లేదు" అన్నాను.

నాలుగెకరాలూ కోసి, పనలు ఆరడానికి చేలోనే వదిలారు. మూడో రోజు బంగాళాఖాతంలో వాయుగుండం. మర్నాటికి తుఫానై, బాపట్ల దగ్గర తీరం దాటుతుందన్నారు. ఆ పూటే సెలవు పెట్టి బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి ఈశాన్యం నుంచి గాలి విసిరి కొడుతోంది. కూలీలు దొరకలేదు. సాయం రమ్మందామని రేపల్లెలో మరదలి అన్నలకు ఫోన్ చేస్తే, వాళ్ల చేలూ అలాగే ఉన్నాయి. ముగ్గురమే పనలు మోసి కుప్ప వేశాం. ఆకులకు నా మోచేతులు కోసుకుపోయాయి.

మరదలు ఒక్కసారి ఆగి, "మీరు చెప్పారనే కోశామండి వదినా" అంది. కోపంగా కాదు. అదే నేను భరించలేకపోయాను.

"ఇప్పుడదంతా ఏంటి? ముందా పట్టా పట్టుకో" అని తమ్ముడు కసిరాడు.

రెండెకరాల కుప్ప మీద పట్టా కప్పి తాళ్లు బిగిస్తుండగా వాన మొదలైంది. మిగతా పనలు మా కళ్లముందే మునిగాయి. నీళ్లు తీసేసరికి గింజలు మొలకెత్తాయి.

సముద్రం ఆ ఏడు ఇంకా వెచ్చగానే ఉందని తర్వాత తెలిసింది. శీతోష్ణస్థితి అంటే ఏళ్ల తరబడి చూసి పట్టుకున్న తీరు. రేపటి వానకు అది హామీ ఇవ్వదు. ఈ తేడా పిల్లల చేత ఏటా రాయించేదాన్ని, తమ్ముడితో మాట్లాడేటప్పుడు మాత్రం నాకే గుర్తు రాలేదు.

మరుసటి ఏడు వాడు మళ్లీ నన్నే అడిగాడు.

"నాకు తెలియదురా. రోజూ పొద్దునా సాయంత్రం వాతావరణం కబురు చూసి చెబుతాను. అప్పుడు నువ్వే తేల్చుకో."

"సరే, చూసి చెప్పు" అన్నాడు.

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఎండ కాసింది. కోత, నూర్పిడి అయ్యాక మరదలు కొత్త బియ్యం పంపింది.