వంకర తెర

మా మరిదిని చర్చిలో అందరూ గుండు మేస్త్రి అంటారు. తల నిండా జుట్టున్న మనిషికి అదేం పేరని కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుతారు. అతని జేబులో ఎప్పుడూ దారం చుట్టిన ఇనప గుండు ఒకటి ఉంటుంది, ఆ పేరు దాని వల్ల వచ్చింది. తాపీపని చేసే ప్రతివాడి దగ్గరా ఉండేదే అది. పైనుంచి వేలాడదీస్తే దారం నిటారుగా నిలబడుతుంది, పక్కనున్న గోడ సరిగ్గా ఉందో లేదో తెలిసిపోతుంది. మిగతా మేస్త్రులు పనయ్యాక దాన్ని సంచిలో పడేసి మర్చిపోతారు. ఈయన జేబులో వేసుకుని చుట్టాలిళ్లకి కూడా వస్తాడు. మా ఇంటికి ఎప్పుడొచ్చినా ముందు తలుపు వంక చూసి, తర్వాత కిటికీ వంక చూసి, అప్పుడు గాని కూర్చునేవాడు కాదు. మా వీధి తలుపు ఒక పక్కకి ఒరిగిందని మా చెల్లెల్ని చేసుకున్న కొత్తలోనే చెప్పాడు. ఆ తలుపు వేసినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అలాంటి మనిషి ఏటా ఈస్టరుకి చర్చిలో తెర వంకరగా కట్టేవాడు. తెలియక కాదు, తెలిసే కట్టేవాడు.

బలిపీఠం వెనక గోడకి ఎత్తున కట్టే తెల్ల తెర అది. మందపాటి గుడ్డ, లోపల కాన్వాసు అస్తరు వేసి కుట్టాను నేనే. పైన ఒక కర్ర, కింద ఒక కర్ర ఉండటం వల్ల పలకలా బిగుసుకుని వేలాడుతుంది. పై కర్రకి రెండు కొసలా రెండు తాళ్లు, గోడకి రెండు కొక్కేలు. ఏ తాడు లాగితే ఆ పక్క లేస్తుంది. ఈస్టరు ముందు శుక్రవారం ఆరాధన అయ్యేదాకా బలిపీఠం మీద గుడ్డ ముక్క కూడా ఉండదు, గోడ బోసిగా ఉంటుంది. శనివారం నిచ్చెన తెచ్చి ముందు తెర కడతారు. అది కట్టి నిచ్చెన తీస్తే గాని మెట్ల మీద లిల్లీ కుండీలు పెట్టడానికి చోటుండదు. కాబట్టి ఆ రోజు అందరూ మేస్త్రి కిందికి దిగడం కోసం ఎదురుచూస్తూ ఉంటారు.

నిచ్చెన మీదున్నవాడికి తెర ఎలా ఉందో కనపడదు, ముక్కు గుడ్డకి ఆనుకుని ఉంటుంది. కింద ఎవరో నిలబడి చెప్పాలి. ఆ చెప్పేది మా చెల్లెలు. చిన్నప్పుడు దానికి పెద్ద జ్వరం వచ్చి తగ్గాక మెడ ఎడమ పక్కకి కాస్త వాలిపోయింది. అందరూ దాని తల వంకర అనేవారు. అది మాత్రం తన తల నిటారుగానే ఉందనీ, లోకమే ఒక పక్కకి ఒరిగిందనీ గట్టిగా నమ్మేది. చివరి బెంచీ దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి కేకేసేది.

"కుడి తాడు లాగు! ఇంకాస్త. ఊహూ, ఇంకాస్త. ఆఁ, చాలు!"

అది చాలు అనేసరికి తెర దాని తలలాగే ఎడమకి ఒరిగి ఉండేది. నేను ఊరుకునేదాన్ని కాదు.

"ఏమే, అవి కళ్లా గుంటలా? పక్కకి పడిపోతున్నట్టుంది, కనపడట్లేదూ?"

"నువ్వు ఇస్త్రీ చేయడానికొచ్చావు. చేశావుగా, ఇక ఇంటికెళ్లు."

ఏటా ఇదే తంతు. మొదట్లో చర్చివాళ్లు కూడా గుసగుసలాడారు. తర్వాత అలవాటు పడిపోయారు. ఇక తెర అంటే అలాగే ఉంటుందనుకున్నారు.

ఒకసారి మరిదిని నిలదీశాను. "ఊళ్లో గోడలన్నిటికీ వంకలు పెడతావు, అది వంకరని నీకు తెలియదుటయ్యా?"

అతను నవ్వాడు. "తెలుసు వదినా. గోడ వంకరైతే పడిపోతుంది. తెర పడిపోదుగా."

మొగుడూ పెళ్లాలు ఇద్దరూ ఇద్దరే అనుకుని వచ్చేశాను.

వానలు వెనకపట్టిన రోజుల్లో మా చెల్లెలు పోయింది. కడుపునొప్పి అని ఆసుపత్రికి తన కాళ్ల మీదే నడిచి వెళ్లింది, మోసుకుని తీసుకొచ్చాం. మట్టి చేసిన రోజు మరిది కంట నీటి చుక్క లేదు. అందరూ పాడుతుంటే అతను సమాధి చుట్టూ పేర్చిన ఇటుకల వంక చూస్తూ నిలబడ్డాడు. పాట అయ్యాక, "ఈ మూల సరిగ్గా లేదు," అని వంగి ఒక ఇటుక సర్దాడు. ఆ రోజు మొత్తానికి అతని నోట వచ్చిన మాట అదొక్కటే. గుండె రాయి అని కొందరన్నారు. అన్నవాళ్లని నేను తిట్టాను.

ఆ తర్వాత అతనికి ఒకే మాట మిగిలింది, సరే. తింటావా అంటే సరే. తర్వాత తింటావా అన్నా సరే. పనికి వెళ్తున్నాడు, గోడలు కడుతున్నాడు, గోడలకేం లోటు లేదని తోటి మేస్త్రి చెప్పాడు. ఇంట్లో చూస్తే కుళాయి కారుతుంటే దాని పక్కనే కూర్చుని ఉండేవాడు. నేను వెళ్లి కట్టేస్తే, "అవునా, కారుతోందా?" అన్నట్టు చూసేవాడు. చొక్కా తిరగేసి తొడుక్కుని నాలుగు వీధులు తిరిగొచ్చాడొకసారి. చెబితే సరే అన్నాడు, విప్పి సరిగ్గా వేసుకోలేదు.

అదంతా ఏదోలా ఓర్చుకున్నాను. ఒకరోజు మా ఇంటికొచ్చాడు. వీధి తలుపు తోసుకుని లోపలికి వచ్చి నేరుగా కుర్చీలో కూర్చున్నాడు. తలుపు వంక చూడలేదు. కిటికీ వంక చూడలేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఈ మనిషి బతికే ఉన్నాడు గాని లోపల ఎవరూ లేరనిపించింది. నేనేదో మేలుగా ఉన్నానని కాదు. నేను ఏడ్చిన రోజుల్లో గట్టిగానే ఏడ్చాను. ఆ తర్వాత నాకూ ఏమీ తెలియకుండా పోయింది. ఇస్త్రీ పెట్టె చేతికి తగిలి కాలితే, కాలిందని చర్మం వాసన చూసి తెలుసుకున్నాను.

ఈస్టరు దగ్గర పడుతుంటే పాస్టరుగారు నన్ను పక్కకి పిలిచారు.

"ఈసారి అలంకరణ పెళ్లిమండపాలు కట్టే షాపువాళ్లకి అప్పజెబుదామమ్మా. మేస్త్రిని బాధపెట్టడం ఎందుకు?"

"బాధపడితే బాగుణ్ణని నేను చూస్తున్నానండీ," అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. నాకు మాత్రం ఒకటే పట్టుదల. ఈ ఒక్క పని కూడా చేతిలోంచి జారిపోతే మా మరిది ఇక మనుషుల్లోకి రాడు. ఎలాగైనా అతన్ని ఆ నిచ్చెన ఎక్కించాలి.

"ఈ ఏడు తెర కట్టాలయ్యా," అన్నాను అతనితో.

"సరే."

"వద్దంటే షాపువాళ్లు కడతారట."

"సరే."

"రెండింటికీ సరే అంటే ఎలాగయ్యా? ఏదో ఒకటి ఏడువు."

"మీరెలా అంటే అలాగే వదినా."

అయితే కట్టమన్నాను.

శనివారం చర్చిలో సందడిగానే ఉంది. ఆడవాళ్లు కుండీలు కడుగుతున్నారు. గంట కొట్టే తాత బెంచీలు తుడుస్తున్నాడు. ఆర్గన్ టీచరు మర్నాటి పాటలో ఒక ముక్క దగ్గర తప్పుతూ అదే మళ్లీ మళ్లీ వాయిస్తోంది. నేను పక్కగదిలో బల్ల మీద తెర పరిచి ఇస్త్రీ చేసి, కర్రలు దూర్చి తెచ్చాను. మరిది నిచ్చెన ఆనించి, కదిపి చూసి, ఎక్కాడు. తాళ్లు కొక్కేలకి తగిలించాడు.

"చెప్పండి వదినా," అన్నాడు గోడ వైపే చూస్తూ.

వెళ్లి చివరి బెంచీ దగ్గర నిలబడ్డాను. ఎన్నేళ్లుగానో ఈ తెర ఒక్కసారైనా సరిగ్గా ఉండాలని పోట్లాడినదాన్ని. ఇప్పుడు నా మాటే చెల్లుతుంది, కాదనేవాళ్లు లేరు. కుడి తాడు కాస్త వదలమన్నాను, ఎడమది బిగించమన్నాను, చాలన్నాను. అతను జేబులోంచి గుండు తీసి తెర పక్కన వేలాడదీశాడు. దారమూ తెర అంచూ పక్కపక్కనే వెంట్రుక తేడా లేకుండా నిలబడ్డాయి. నాకేమీ అనిపించలేదు. గెలవడానికి అవతల మనిషుండాలిగా.

మరిది దిగి, తాడు కొసలు కత్తిరించడానికి కత్తెర వెతుక్కుంటున్నాడు. గంట తాత తుడుస్తున్న గుడ్డ ఆపి తెర వంక చూశాడు.

"అమ్మా, కాస్త ఒరిగినట్టుందే."

"సరిగ్గానే ఉంది తాతా. గుండు పెట్టి చూశాడు."

"అలాగా," అన్నాడు గాని తృప్తి పడలేదు. ఆర్గన్ టీచరు వచ్చి చూసింది. "ఏదో తేడాగా ఉందండీ, కుడి పక్క దిగిపోలేదూ?" కుండీలు కడిగే ఆవిడ తడి చేతులతో వచ్చి అదే మాట అంది. ఇంతలో పాస్టరుగారు వచ్చారు. ఆయన కోసం మరిది మళ్లీ నిచ్చెనెక్కి గుండు వేలాడదీసి చూపించాడు.

"దారం సరే మేస్త్రీ. కంటికే ఎందుకో ఆనట్లేదు," అన్నారాయన. "కొత్త పద్ధతులేమీ వద్దులెండి. ఎప్పుడూ ఎలా కట్టేవారో అలాగే కట్టేయండి."

"సరే," అన్నాడు మరిది.

కుడి తాడు పట్టుకుని లాగాడు. ఆగాడు. కొంచెం వదిలాడు. మళ్లీ లాగాడు. మళ్లీ వదిలాడు. ఎన్నో గోడలు కట్టిన చేతులు ఆ తాడు పట్టుకుని ఏం చేయాలో తెలియనట్టు అటూ ఇటూ కదిలాయి. అందరూ కింద నిలబడి చూస్తున్నారు. అతను ఆ రోజు మొదటిసారిగా తల తిప్పి నా వైపు చూశాడు.

"ఎంత వదినా?"

"నన్నడుగుతావేమయ్యా? ఇన్నేళ్లూ కట్టింది నువ్వేగా."

"నేనెప్పుడూ చూసుకోలేదు," అన్నాడు. "తను చాలు అనేదాకా లాగేవాణ్ణి."

ఆ మాట అన్నాక అతని ముఖం మారింది. తను ఏమన్నాడో తనకి అప్పుడే వినపడినట్టుంది. లోకంలో ప్రతి దాని వంకరా కొలిచిపెట్టుకున్న మనిషి, ఈ ఒక్కటి మాత్రం కొలవలేదు. ఆ కొలత ఇంకెవరి దగ్గరా లేదు. నుదురు పై కర్రకి ఆనించాడు. భుజాలు కదలడం మొదలుపెట్టాయి. నిచ్చెన గోడకి కొట్టుకుని టకటకమంది. తాత వచ్చి నిచ్చెన కాళ్లు గట్టిగా పట్టుకున్నాడు. ఇన్ని నెలల తర్వాత మా మరిది ఏడుస్తున్నాడు, చర్చి నిండా మనుషులుండగా, గోడ వైపు తిరిగి, ఒక చేత్తో తాడు వదలకుండా.

ఇదేగా నేను కోరుకున్నది. అయినా చూడలేకపోయాను.

"దిగు నాయనా, ఎలా ఉంటే అలా ఉంటుంది," అన్నారు పాస్టరుగారు. దిగలేదు.

"ఎక్కడ ఆపాలో తెలియట్లేదు వదినా," అన్నాడు. "చెప్పండి."

"లాగు," అన్నాను. "నేను చెప్తాను."

లాగాడు. ఇంకాస్త అన్నాను. తెర ఒరిగింది. ఇంకాస్త అన్నాను. ఏటా నా కళ్ల ముందే ఉన్న వంకర అది, తప్పు పట్టడానికే తప్ప నేనెన్నడూ సరిగా చూసి ఎరగను. ఇంత ఉండేదా? ఇంకా ఎక్కువా? దాటిపోయామా? నాకూ తెలియడం లేదు. మా చెల్లెలి గొంతు గుర్తుచేసుకుందామని చూశాను. ఇంకాస్త అనడం వినపడుతోంది, ఆ తర్వాతది వినపడటం లేదు. నేను ఎక్కడ చాలన్నా అది నాది అవుతుంది గాని దానిది కాదు.

అతను తాడు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఎవరో ఒకరు అనాలి.

"చాలు," అన్నాను.

అతను ముడి వేశాడు.