గోతికి సున్నా పెట్టని బావ

మా అక్కను చేసుకున్న బావ చీమకు కూడా దారిచ్చే రకం. అయినా ఇనుప రాక్షసి నోరు కట్టేసిన మొనగాడు ఆయనే. ఆ నోట్లోంచి నడిచొచ్చిన మొనగాణ్ణి నేను. కాలేజీ నన్ను భరించలేకపోయింది, రాక్షసి అరిగించుకోలేకపోయింది.

రాక్షసి అంటే పాత కార్లను నలిపే ప్రెస్సు. ఏనుగును పెట్టినా చాప చుట్టి ఇస్తుంది. ఆఫీసులో బావ చూసుకునే కంప్యూటరు నుంచి దానికి కబుర్లు క్యూలో వెళ్తాయి: నలుపు, ఆగు, ఎత్తు. పాత పద్ధతిలో ఏ కబురైనా ఉత్త అక్షరాల ముద్ద. ప్రెస్సు దవడ కింది గోతిలో ఎంతమంది ఉన్నారో రాయకపోతే ప్రెస్సు సున్నా అనుకునేది. అలా అనుకున్న రోజే మేస్త్రీ కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది. రేకుల మధ్య నుంచి దాన్ని లాగింది బావే.

రక్తం చొక్కా మార్చుకుని కోడంతా తిరగరాశాడు. కొత్త కోడులో ప్రతి కబురుకూ ఒక రకం కట్టాడు, అంటే గోతిలో ఎంతమందో సహా అన్ని గడులూ నింపి తీరాల్సిన అచ్చు. అందులో ఏది తప్పినా కోడు కంపైలే కాదు, ప్రోగ్రాముగా తయారే కాదు. దొడ్డిదారిన పంపినా ప్రెస్సు వైపు కోడు విప్పి చూసి పక్కన పడేస్తుంది. పైగా గోతి లెక్కను, గేటు దగ్గర వచ్చేపోయే మనుషుల్ని లెక్కపెట్టే మీటరు తప్ప ఎవరూ పుట్టించలేరు.

మొన్న ఆ మీటరు చచ్చింది. ఇరుక్కున్న ఇరుసును ఉలితో కొడుతూ నేను గోతిలో ఉన్నాను. ఓనరుకు తెలియదు, బావకూ తెలియదు.

“గొయ్యి ఖాళీయే. సున్నా కొట్టవయ్యా,” అన్నాడు ఓనరు, ఆఫీసులో బావతో.

“సున్నా నా చేతిలో లేదండీ. మీటరు ఇవ్వాలి.”

“ముష్టి సున్నాకు ఇంత పెత్తనమా?”

“మేస్త్రీ చెయ్యి పోయింది ఆ ముష్టి సున్నాతోనే కదండీ.”

ఓనరు ఇనుప కడ్డీతో బావ దవడ పగలగొట్టాడు. రెండు పళ్లు కీబోర్డు మీద రాలాయి. కింద పడినవాణ్ణి డొక్కలో తన్ని, పాత ప్రోగ్రాము తెరిచి తనే ‘నలుపు’ పంపాడు.

నా నెత్తి మీది ఇనుప దవడ వెంట్రుకంత కూడా కదల్లేదు.

తన్నుల చప్పుడు విని ఒక్క గెంతులో మేడంత ఎత్తు ఎక్కాను, నమ్మకపోతే మానండి. కడ్డీ పట్టిన చేతిని వెనక్కి విరిచాను. ఎముక పుల్లలా పలికింది. కాలరు పట్టి గోతి అంచుకు ఈడ్చాను.

“ఖాళీయేనా సార్?”

కింద, దవడ నీడలో, నా చెప్పులు ఉన్నాయి.

బావ రక్తం ఉమ్మి గోడ పట్టుకుని లేచాడు. “వదిలెయ్‌రా బామ్మర్దీ. మీటరు బాగయ్యేదాకా ఆ అంచున నిలబడి లోపల ఎవరున్నారో తొంగిచూసేది ఆయనే.”