దేశవాళీ పంది పరువు

ఆ రోజుల్లో నాకు దేశాభిమానం కాస్త ఎక్కువ, అదీ పందుల విషయంలో. చదువు ముగించి హైటెక్ సిటీలో ఒక చిన్న జీనోమిక్స్ కంపెనీలో చేరాను. మన నల్ల పందుల రక్తంలోనూ, విదేశాల నుంచి వచ్చిన తెల్ల సీమ పందుల రక్తంలోనూ ఒకే రోగక్రిమిని కలిపితే, దాంతో పోరాడే జన్యువులు ఏ జాతిలో ఎంత చురుగ్గా పనిచేస్తాయో పోల్చడం నా పని. రక్తం తీసేది వేరెవరో, మాకు వచ్చేది అంకెలే. (పందిని నేను దగ్గరగా చూసింది ఒక్కసారే, బాచుపల్లి సందులో అది నన్ను తరిమినప్పుడు.) ఆ పోలిక మీద నేనిచ్చే ప్రజెంటేషన్ బాగుంటేనే ఉద్యోగం పర్మనెంట్.

నేను వేసిన పటంలో దేశవాళీ వరస అంతా ఎర్రగా వెలిగిపోయింది. ఎరుపంటే జన్యువు చురుగ్గా ఉన్నట్టు. పొంగిపోయి మొదటి స్లైడు మీద "గెలుపు మనదే" అని పెద్ద అక్షరాలతో కొట్టి, టీమంతటికీ సమోసాలు తెప్పించాను. మా టీమ్ లీడ్‌ని అందరం అక్కా అనేవాళ్ళం. ఆవిడ సమోసా నములుతూ స్క్రీన్ చూసి, "తమ్మీ, దేన్ని దేంతోని పోల్చినవ్? జర చూస్కో, ఉల్టా పెట్టినవ్" అంది. నిజమే. వెలుగుతున్నది సీమ పంది. మనది నీలంగా, చల్లగా పడి ఉంది. నా మొహం చూసి, "ఫికర్ చెయ్యకు, రేపటిదాంక టైముంది గద" అని రెండో సమోసా తీసుకుంది.

లింగంపల్లిలో మేనమామ ఇంట్లో ఉండేవాణ్ణి. మర్నాడు పొద్దున్న ఉద్యోగం పోయినట్టే అనుకుంటూ కాఫీ తాగుతుంటే, వంటింట్లోకి ఎలుక దూరింది. మామయ్య కుర్చీ ఎక్కి వాచ్‌మన్‌నీ, అపార్ట్‌మెంట్ సెక్రటరీనీ, చివరికి దేవుణ్ణీ పిలిచాడు. అత్తయ్య వెనక తలుపు తీసి చీపురు ఒకసారి విదిలించి, "వెళ్ళిపోయిందండీ, దిగండి. ఉప్మా చల్లారిపోతోంది" అంది. నేను కాఫీ వదిలేసి ఆఫీసుకు పరుగెత్తాను.

ఏ రక్తంలో క్రిములు ఎన్ని మిగిలాయో అసలు చూడనే లేదు నేను. చూస్తే మన పందిలోనే తక్కువ. ఎరుపంతా బలం కాకపోవచ్చు, గోల కూడా కావచ్చని మీటింగులో చెప్పాను. అక్క బయటికొచ్చాక, "గిట్ల ఆలోచన ఎట్లొచ్చింది?" అని అడిగింది. "మా అత్తయ్య చెప్పిందక్కా" అన్నాను. ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు తెల్లాపూర్‌లో మా సొంత ఫ్లాట్. బల్లి కనిపిస్తే కుర్చీ ఎక్కేది నేనే. చీపురు పట్టుకుని వచ్చేది మా ఆవిడ. (పెళ్ళైన కొత్తలో ఈ కథ చెప్పడం నా పొరపాటు.) "దిగండి సీమ పందిగారూ" అంటుంది. దిగుతాను. మామయ్య పోయి చాలా కాలమైంది. ఉంటే పక్క కుర్చీ ఎక్కేవాడు.